ఇరవై ఒక్క రోజులకొక సూది

ఒమాన్,
18 సెప్టెంబరు 1978

అన్నయ్యకి, వదినకి,

బొంబాయిలో విమానం ఎక్కేముందు వేసిన కార్డు ఈపాటికి అందే ఉంటుంది. మస్కట్‌లో దిగి వారమైంది. మూడు రోజులు అక్కడే ఉంచి, మా ఆరుగురు నర్సుల్ని లాండ్‌రోవర్ ఎక్కించి కొండల్లోకి తీసుకొచ్చారు. రోడ్డు సగం దూరమే ఉంది. ఆ తర్వాత ఎండిన వాగులో, రాళ్ళ మీదే నడిపాడు డ్రైవరు. దిగేసరికి నడుం విరిగిపోయింది.

ఆస్పత్రి అంటే నేను చదువుకున్న మన గవర్నమెంటు ఆస్పత్రిలాంటిదే అనుకున్నాను. ఇక్కడున్నవి నాలుగు గదులు, ఒక వరండా, వెనక జనరేటరు. అది ఆగిపోతే టీకా మందులు పాడవుతాయని ఐసుపెట్టెలో సర్దుతాం. ఐసు ముట్టుకున్నప్పుడల్లా, హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో నీ చేతులు గుర్తొస్తాయి. డాక్టరు ఒక్కరే. గురునాథరావు గారని, మన విజయనగరం మనిషి. "ఏ ఊరమ్మా?" అని తెలుగులో అడిగారు.

ఎనిమిదేళ్ళ కిందటి దాకా ఈ కొండల్లో డాక్టరనేవాడిని ఎవరూ చూడలేదట. పిల్లకి కడుపునొప్పి వస్తే ఇనపకడ్డీ కాల్చి వాత పెట్టేవాళ్ళు. మన వైపు మాత్రం పెట్టరా. ఇప్పుడు గవర్నమెంటు ఊరూరా ఆస్పత్రి కట్టిస్తోంది. ఎవరికైనా, ఏ మందైనా ఉచితమే. గోడలు లేస్తున్నాయి, మందులు పెట్టెలకొద్దీ వస్తున్నాయి. సూది వేసేవాళ్ళే లేరు. అందుకే మాలాంటివాళ్ళం.

నూకాలుకి అప్పుడప్పుడు గొంతు వాస్తుంది. అశ్రద్ధ చెయ్యకండి. వాళ్ళ నాన్న బోటు తిరిగి రాని రోజు నుంచి అది నా పక్కన తప్ప పడుకోలేదు. ఎనిమిదేళ్ళ పిల్లని వదిలి వచ్చానని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. వదిన దాన్ని కడుపున పుట్టినదానిలా చూస్తుందనే ధైర్యంతో ఉన్నాను.

నీ చెల్లి
పైడితల్లి


విశాఖపట్నం,
20 జనవరి 1979

చెల్లి పైడితల్లికి దీవెనలు.

నీ ఉత్తరాలు మూడూ అందాయి. మేం బాగానే ఉన్నాం. కూర్మన్నపాలెం పక్కన మన భూమిలో స్టీల్ ప్లాంటు వాళ్ళు రాళ్ళు పాతి ఇన్నేళ్ళయింది, ఇంకా ఏమీ లేవలేదు. భూమి పోయినవాళ్ళకి ఉద్యోగాలంటున్నారు. నేను మాత్రం ఐసు దిమ్మలు మోస్తూనే ఉన్నాను. తెల్లవారుజామున మూడింటికి వెళ్తే, బోట్లన్నీ ఐసు నింపుకుని, వేలం పాట ముగిసి, ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

నూకాలు మొన్న పదిహేను రోజులు మంచాన పడింది. ముందు గొంతునొప్పి వచ్చి తగ్గిపోయింది. మూడు వారాలకి మోకాళ్ళు వాచాయి. అవి తగ్గాయనుకుంటే మడమలు, తర్వాత మోచేతులు. "ఎదుగుతున్న గుంట, కీళ్ళు లాగవేటి," అని మీ వదిన సిలకమ్మ పసుపు, ఆముదం పట్టు వేసింది. ఇప్పుడు వాపు లేదు. కాకపోతే మేడ మెట్లెక్కితే ఆయాసపడుతోంది. నీరసం అనుకుంటాను.

నువ్వు బెంగపెట్టుకోకు.

అన్న
అప్పలసూరి


ఒమాన్,
7 ఫిబ్రవరి 1979

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందిన రోజే నూకాల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఐసు ఫ్యాక్టరీ మానేసైనా సరే.

నీ ఉత్తరం గురునాథరావు గారికి చదివి వినిపించాను. గొంతునొప్పి, తర్వాత కీళ్ళవాపు, ఒక కీలు తగ్గి ఇంకోటి రావడం, ఆపైన ఆయాసం. ఇది ఎదుగుదల నొప్పి కాదు. కీళ్ళవాతపు జ్వరం. కీళ్ళ వాపు దానంతటదే పోతుంది, గుండెకి తగిలిన దెబ్బ పోదు. గొంతునొప్పి వచ్చిన ప్రతిసారీ గుండె ఇంకొంచెం పాడవుతుంది.

దీనికి మందు ఉంది. పెన్సిలిన్ ఇంజక్షన్, ఇరవై ఒక్క రోజులకొకటి. ఒకటి రెండు కాదు. దానికి ఇరవై ఏళ్ళు వచ్చేదాకా. ఒంట్లో బాగున్నా వేయించాలి. బాగుండడానికే వేయించాలి. ఆస్పత్రిలో ముందు పరీక్ష చేసి చూస్తారు, పడుతుందా లేదా అని. మందు చిక్కగా ఉంటుంది, రెండు రోజులు కాలు లాగుతుంది. ఏడుస్తుంది. ఏడవనియ్యి.

వదినకి ఇదంతా చదివి వినిపించు. రెండుసార్లు చదువు.

పైడితల్లి


విశాఖపట్నం,
11 మార్చి 1979

చెల్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, గుండెకి తీగలు పెట్టి గీతలు తీశారు. పెద్ద డాక్టరు చాలాసేపు విని, "కవాటం దగ్గర చిన్న చప్పుడుంది. ఇక్కడితో ఆగితే పిల్లకి ఏ లోటూ ఉండదు. సూదులు మానితే ఆగదు," అన్నాడు. నువ్వు రాసిన మాటే. అక్కడ ఎడారిలో కూర్చుని ఇక్కడి పిల్ల గుండె కనిపెట్టావని సిలకమ్మ ఊరంతా చెప్పుకుంటోంది.

మొదటి ఇంజక్షన్ అయింది. కుంటుకుంటూ వచ్చి నా మీద అలిగి పడుకుంది. "మావా, అమ్మ నాకు ముద్దులు పంపుద్దనుకుంటే సూదులు పంపినాది," అంది.

ఆస్పత్రిలో చూసేది పొద్దున్న పూటే కాబట్టి ఇకమీదట సిలకమ్మ తీసుకెళ్తుంది.

అప్పలసూరి


ఒమాన్,
2 ఫిబ్రవరి 1981

అన్నయ్యకి, వదినకి నమస్కారాలు.

సెలవు నుంచి తిరిగొచ్చి రెండు నెలలైంది. వచ్చిన మొదటి వారం అన్నం తినలేదు. ఇంట్లో ఉన్న నెల రోజుల్లో రెండు సూదులు నా చేత్తోనే వేశాను. కార్డులో ఒక్క తేదీ కూడా తప్పలేదు. వదినా, నీ కాళ్ళకి దణ్ణం పెట్టినా తక్కువే.

ఇక్కడ కొత్త బిల్డింగు తెరిచారు. అరవై మంచాలు. ప్రసవాల గది, ఎక్స్‌రే, లాబరేటరీ. నాలుగు గదుల పాత ఆస్పత్రిలో ఇప్పుడు పిల్లల టీకాలు వేస్తున్నాం. అది మొత్తం నాకు అప్పగించారు. కీళ్ళవాతపు పిల్లలకి కార్డులు పెట్టాలని నేనే పట్టుబట్టాను. ముప్పైనలుగురున్నారు. ఎవరైనా తేదీకి రాకపోతే మర్నాడు లాండ్‌రోవర్ వేసుకుని వాళ్ళ గుడారం దాకా వెళ్తాను. సూదిని ఇక్కడ 'ఇబ్రా' అంటారు. బండి చప్పుడు వినగానే పిల్లలు 'ఇబ్రా, ఇబ్రా' అని మేకల మధ్య దాక్కుంటారు.

సాలిమా అని ఒకావిడ ఉంది. భర్త లేడు. తొమ్మిదేళ్ళ కొడుకు సయీద్. మూడు గంటలు గాడిద మీద వస్తుంది. ఒకసారి వాగు పొంగి రాలేకపోయింది. నేను వెళ్ళేసరికి అవతలి గట్టు మీద కొడుకుని భుజాన వేసుకుని నిలబడి ఉంది, పొద్దున్నుంచీ. నీళ్ళు తగ్గేదాకా ఇవతల నేను, అవతల ఆవిడ. ఆ వాగు పక్కనే సూది వేశాను. అన్నయ్యా, ఆ పిల్లాడి తుంటి మీద దూది అద్దుతుంటే అది నూకాలే అనిపించింది.

నీ పైడితల్లి


విశాఖపట్నం,
28 జూన్ 1981

చెల్లి పైడితల్లికి,

జాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. వేట జోరుగా ఉన్న రోజుల్లో మాకు ఊపిరాడదని నీకు తెలుసు.

మన సందులో వలలు అల్లే తవిటయ్య పోయాడు. జ్వరమని వీధి చివర సూదులేసే ఆయన దగ్గరికెళ్ళాడు. సూది వేయించుకుని మెట్లు దిగుతూనే పడిపోయాడు. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. సిలకమ్మ ఆ అరుగు మీదే ఉంది, కళ్ళారా చూసింది. వారం రోజులు ముద్ద దిగలేదు దానికి. తవిటయ్య భార్య గంగాలమ్మకి మేమే వండి పెడుతున్నాం.

నూకాలు సంగతి బెంగపెట్టుకోకు. ఇంజక్షన్లు జరుగుతున్నాయి. మొన్న ఆదివారం నేనే తీసుకెళ్ళి వేయించాను. ఆరో తరగతికి వచ్చింది. తాడాటలో సందులో దాన్ని మించినవాళ్ళు లేరు. ఎప్పుడూ మందు, జబ్బు అని రాయక, నీ సంగతులు కూడా రాస్తూ ఉండు.

అన్న
అప్పలసూరి


ఒమాన్,
14 మార్చి 1982

అన్నయ్యా,

నూకాలు ఫొటో అందింది. నా భుజం దాకా వచ్చేసి ఉంటుంది. ముఖం కొంచెం పాలిపోయినట్టుంది. ఫొటో తీసినవాడు వెలుతురు ఎక్కువ పెట్టాడేమో.

ఒక నిర్ణయం తీసుకున్నాను. గవర్నమెంటు ఆస్పత్రి మానేస్తున్నాను. ఇక్కడ నర్సులకి హాస్టలే, కుటుంబాన్ని తెచ్చుకోనివ్వరు. మస్కట్‌లో ఇప్పుడు ప్రైవేటు క్లినిక్కులు లేస్తున్నాయి. వ్యాపారస్తులు పెడుతున్నారు. ఆయిల్ కంపెనీల వాళ్ళు, దొరలు, డబ్బున్నవాళ్ళు గంటలకొద్దీ గవర్నమెంటు ఆస్పత్రిలో కూర్చోలేక అక్కడికి వెళ్తున్నారు. అలాంటి ఒక క్లినిక్కు యజమాని ఇల్లు ఇస్తానన్నాడు. నూకాలుకి వీసా కూడా ఇప్పిస్తానన్నాడు.

గురునాథరావు గారు వద్దన్నారు. "అక్కడ పేషెంటు ముందు కౌంటరు దగ్గరికి వెళ్తాడమ్మా, ఆ తర్వాతే నీ దగ్గరికి వస్తాడు. నువ్వు తట్టుకోలేవు," అన్నారు. తట్టుకుంటాను. నా కూతురి సూది నేనే వేసుకుంటాను. అది చాలు.

నిన్న సాలిమా వచ్చింది. ఎక్కడికి పోతున్నావు అంది. నా కూతురి కోసం అన్నాను. నీకు కూతురుందా అని ఆశ్చర్యపోయింది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు కదా. తన కొడుకుని ముందుకు తోసి, నా చేయి ముద్దు పెట్టించింది.

సెలవు వదులుకుని చేరుతున్నాను కాబట్టి ఈ ఏడు ఇంటికి రాలేను. వీసా రాగానే కాగితాలు పంపిస్తాను. నూకాలుకి నెమ్మదిగా చెప్పండి.

పైడితల్లి


విశాఖపట్నం,
19 జూలై 1982

చెల్లీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. పిల్లని తీసుకెళ్తానంటున్నావు. తల్లివి, కాదనడానికి మేమెవరం. కానీ ఈ ఏడే ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు. మధ్యలో బడి మాన్పిస్తే ఏడాది పోతుంది. కొన్నాళ్ళు ఆగితే మంచిదని నా ఉద్దేశం. సిలకమ్మ కూడా అదే అంటోంది.

మిగతా అంతా మామూలే.

అప్పలసూరి


మస్కట్,
21 నవంబరు 1982

అన్నయ్యకి,

వీసా కాగితాలు సెప్టెంబరులో పంపాను. పిల్లకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలని, ఛాతీ ఎక్స్‌రే తీయించి పంపమని రాశాను. రెండు నెలలు. ఒకసారి డాక్టరు ఊళ్ళో లేడన్నావు. ఒకసారి వదినకి ఒంట్లో బాగాలేదన్నావు. ఒకసారి ఏమీ అనలేదు.

నాకు అర్థమైంది. మీకు పిల్లలు లేరు. నాలుగేళ్ళు పెంచారు. దాన్ని వదలలేకపోతున్నారు. ఆ ఋణం నేను కాదనను. కానీ ఇక్కడ నేను దేనికోసం పడి ఉన్నానో నీకు తెలుసా?

నెల కిందట ఒక కూలీని పట్టుకొచ్చారు. ఇచ్ఛాపురం మనిషి. గుండె పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. "సెల్లీ, ఊపిరి ఆడతల్లేదు," అన్నాడు, నా మొహం చూసి తెలుగుదాన్నని ఎలా తెలిసిందో. ఆక్సిజన్ పెట్టబోతే మేనేజరు నా చెయ్యి పట్టుకున్నాడు. "కంపెనీ నుంచి కాగితం తెచ్చాడా? లేకపోతే గవర్నమెంటు ఆస్పత్రికి పంపు," అన్నాడు. టాక్సీలో కూర్చోబెట్టాను. అతని పేరు కూడా అడగలేదు. ఇక్కడ నేల అద్దంలా ఉంటుంది, గోడకి పూల బొమ్మలు, మిషన్లన్నీ కొత్తవి. నేను చూసిన ఆస్పత్రులన్నిట్లోకి ఇదే అందమైనది. పొద్దున్న లోపలికి అడుగుపెట్టాలంటే కాళ్ళు రావు.

నూకాలు వస్తుందనే ఒక్క మాట మీద ఉన్నాను. నా కూతుర్ని నాకు పంపు.

పైడితల్లి


విశాఖపట్నం,
8 జనవరి 1983

చెల్లీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నూకాల్ని నీ నుంచి దాచుకోవాలనుకోలేదు. ఎక్స్‌రే తీయించడానికి భయపడ్డాను. తీస్తే తెలిసిపోతుందని.

ఇంజక్షన్లు జరగడం లేదు. తవిటయ్య పోయిన దగ్గర్నుంచి. "పెన్సిలిన్ సూదే అంట తవిటయ్యకేసింది. ఈ గుంటకీ అదే. నా సేత్తో తీసుకెల్లి సంపలేను. కావలిత్తే నువ్వు తీసుకెల్లు," అంది సిలకమ్మ. నేను ఐసు దగ్గర. ఒక రోజు సెలవు పెట్టి బయల్దేరాను కూడా. నూకాలు గుమ్మం పట్టుకుని, "ఈపాలికి వొద్దు మావా, ఒక్కపాలికి," అని ఏడ్చింది. సరే ఈసారికి అనుకున్నాను. ఆ తర్వాత తేదీ వచ్చింది, మళ్ళీ సరే అనుకున్నాను. పిల్ల ఆడుతూ పాడుతూ ఉంది. ఏమీ కాలేదు కదా అనుకున్నాం. నీకు నిజం రాస్తే నువ్వు అక్కడ ఉండలేవని 'జరుగుతున్నాయి' అని రాశాను. ఒకసారి రాశాక రెండోసారి రాయడం కష్టం కాలేదు.

కిందటి శీతాకాలం మళ్ళీ కీళ్ళు వాచాయి. అదీ నీకు రాయలేదు. తాడాట మానేసింది. ఈ దీపావళి నుంచి పడుకుంటే దగ్గు. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెడుతున్నాం.

మొన్న సోమవారం తీసుకెళ్ళాను. అదే పెద్ద డాక్టరు. పాత కాగితాలు చూసి, "ఏడాదిన్నర ఏం చేశావు?" అన్నాడు. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించాడు. గుండె ఉబ్బి ఛాతీలో సగానికి పైగా ఉంది. ఫిట్‌నెస్ కాగితం జేబులోంచి తియ్యలేదు. కవాటం మార్చాలి, రాయవెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్ళండి, ఆలస్యం చేయొద్దు అన్నాడు. సూదులు మళ్ళీ మొదలుపెట్టారు. ఫిబ్రవరి అయిదుకి రైలు టికెట్లు తీసుకున్నాను. ఉత్తరం కూడా రాసిచ్చాడు డాక్టరు.

నన్ను ఏమైనా అను.

అప్పలసూరి


మస్కట్,
24 జనవరి 1983

అప్పలసూరికి,

నీ ఉత్తరం చదివాను.

ముప్పైనలుగురు పిల్లలు నా కార్డుల్లో. ఒక్కరు తప్పిపోతే వాగులు దాటి వెళ్ళాను. నా పిల్లని నీకు అప్పజెప్పాను.

ఆపరేషన్ అంటే గుండె కోసేది. ఎక్కడ సంతకం పెట్టాలో, ఏమడగాలో నీకేం తెలుసు? ఇంతవరకూ నువ్వు చేసింది చాలు. నేను వచ్చేదాకా దాన్ని ఎక్కడికీ కదపొద్దు. నేనే రాయవెల్లూరు తీసుకెళ్తాను. నీ చేతుల్లో ఇంక పెట్టను. సెలవు అడిగాను. నా పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది. రెండు వారాల్లో బయల్దేరతాను.

సూదులు మాత్రం ఆపొద్దు. వదినకి నేనేమీ రాయను.

పైడితల్లి


విశాఖపట్నం,
10 ఫిబ్రవరి 1983

చెల్లీ,

నీ ఉత్తరం నాలుగో తారీకున అందింది. మర్నాడే ప్రయాణం. మూట కట్టి ఉంది. నువ్వు కదపొద్దన్నావు కాబట్టి వాల్తేరు స్టేషన్‌కి వెళ్ళి టికెట్లు వెనక్కిచ్చేశాను. ఒక్కసారైనా నీ మాట ప్రకారం నడవాలనుకున్నాను.

నూకాలుని వార్డులో పెట్టారు. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఇస్తే కాళ్ళవాపు తగ్గింది. పైన కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. "అమ్మ విమానం ఇటునించే వొత్తాదేటి మావా?" అని అడుగుతోంది. అవునన్నాను.

బేగి రా.

అప్పలసూరి


మస్కట్,
2 మార్చి 1983

అన్నయ్యా,

యజమాని ఇవాళ, రేపు అంటున్నాడు. నా బదులు ఇంకో నర్సు బొంబాయి నుంచి వస్తేగానీ పాస్‌పోర్టు ఇవ్వనంటున్నాడు. "ఇది గవర్నమెంటు ఆస్పత్రి కాదు, నువ్వు లేకపోతే ఎవరో ఒకరు చూసుకోవడానికి," అన్నాడు. గురునాథరావు గారికి ఫోన్ చేశాను. రాజధానిలో గుండె విభాగం పెట్టే ఆలోచన ఉందట, ఇంకా కాగితాల మీదే ఉంది. ఆయన కార్డుల్లోని ఒక పిల్లని కిందటేడు గవర్నమెంటే విమానం ఎక్కించి ఆపరేషన్‌కి బయటి దేశం పంపిందట, తల్లితో సహా. నేను అక్కడే ఉండి ఉంటే వాళ్ళ కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇప్పుడు నేను వాళ్ళ మనిషిని కాను.

నువ్వు టికెట్లు వెనక్కిచ్చావని చదివాను. నువ్వే తీసుకెళ్ళమని వెంటనే టెలిగ్రాం ఇద్దామని పోస్టాఫీసు దాకా వెళ్ళాను. క్యూలో నిలబడి ఆలోచించాను. నర్సు వచ్చే గురువారం దిగుతుందంటున్నారు. పది రోజుల్లో నేనే ఉంటాను కదా, నా చేతుల మీదుగానే జరగనీ అని వెనక్కొచ్చేశాను.

దానికి నా ముద్దులు. ఈసారి సూదులు కాదని చెప్పు.

పైడితల్లి


విశాఖపట్నం,
20 మార్చి 1983

చెల్లీ,

టెలిగ్రాం అందే ఉంటుంది. అందులో నాలుగు మాటలే పట్టాయి. మిగతాది రాయకపోతే నేను బతకలేను.

పద్నాలుగో తారీకు దాకా తేలిగ్గానే ఉంది. సిలకమ్మ జడలు వేసింది. నీ ఉత్తరం ఆ రోజే వచ్చింది, చదివి వినిపించాను. ముద్దులన్న చోట నవ్వింది. పదహారు పొద్దున్న ఆయాసం మొదలైంది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు చేయగలిగింది వాళ్ళు చేశారు. సిలకమ్మ వెనక కూర్చుని తన రొమ్ముకి ఆనించుకుంది. పిల్ల నా చొక్కా పట్టుకుని, ఒక్కో మాటకి ఆగుతూ చెప్పింది. "సూది మాన్పించమని నానే ఏడిసినాను. మావ తప్పు కాదని అమ్మకి రాయి." పది గంటలకి పోయింది.

రాయమంది కాబట్టి రాశాను. అది నిజం కాదు. పిల్ల ఏడ్చిందని పెద్దవాళ్ళు మానేసే మందు కాదది. నాకు చెప్పావు. రెండుసార్లు చదవమన్నావు, చదివాను.

నీ కోసం ఒక రోజు ఉంచుదామన్నాను. నువ్వు ఎప్పుడొస్తావో తెలియదు కదా అన్నారు పెద్దలు. వాళ్ళ నాన్నకి దహనమే జరగలేదని, సముద్రం దగ్గరి శ్మశానానికే తీసుకెళ్ళాం. గంగాలమ్మ సిలకమ్మని పట్టుకుని కూర్చుంది. సిలకమ్మ అన్నం వండుతుంది, పెడుతుంది, నా మొహం చూడదు.

స్టీల్ ప్లాంటు నుంచి ఉద్యోగం కవరు వచ్చింది. పిల్ల పోయిన రోజు పోస్టులోనే. ఇంకా విప్పలేదు.

అప్పలసూరి


మస్కట్,
5 ఏప్రిల్ 1983

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. టెలిగ్రాం వచ్చిన రోజునే చూపిస్తే యజమాని ఆ సాయంత్రమే పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. కుర్చీలోంచి లేచి నిలబడి ఇచ్చాడు. ఇంకా రాని బదులు నర్సు ఊసే ఎత్తలేదు. రెండు నెలలు ఆయన ముందు నిలబడి, పిల్లకి బాగాలేదని అడిగాను. జబ్బుకి దొరకని సెలవు చావుకి దొరికింది. విమానంలో చోటు దొరక్క ఇన్ని రోజులు పట్టింది.

నిన్న నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. 1981 జూన్ ఉత్తరంలో, ఆదివారం తీసుకెళ్ళి సూది వేయించానని రాశావు. నేను ఆ ఆస్పత్రిలో మూడేళ్ళు చదువుకున్నాను. ఆదివారం పిల్లలకి ఆ సూదులు వేయరు. అది నాకు తెలుసు. చదివిన రోజే తెలుసు. అప్పుడే ఆగి ఉంటే, కార్డు మీద తేదీలు రాసి పంపమని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇక్కడ ఎవరి తల్లి మాటా నమ్మేదాన్ని కాదు. కార్డు చూపించు అనేదాన్ని. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు ఏం చెబుతావోనని. ఫొటోలో ముఖం పాలిపోయి ఉంటే వెలుతురు ఎక్కువైందని రాశాను. నేను నర్సుని.

టికెట్లు నువ్వు తిరిగివ్వలేదు. నేను ఇప్పించాను. అయిదో తారీకున రైలెక్కి ఉంటే ఏడుకల్లా డాక్టర్ల చేతుల్లో ఉండేది. ఆ తర్వాత అయిదు వారాలు బతికింది. ఆ అయిదు వారాలూ నా కోపం తినేసింది. పోస్టాఫీసు క్యూలో నా ముందు ముగ్గురే ఉన్నారు.

నిన్ను క్షమించానని రాయలేను. అది నా దగ్గర లేదు. నీకు లేదు, నాకూ లేదు. వదినని మాత్రం ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఆవిడ ఒక చావు చూసి భయపడింది. మనిద్దరం చదువుకున్నవాళ్ళం.

ఉద్యోగం కవరు విప్పు. గడువుంటుంది. చేరు.

ఈ ఉత్తరం రేపు విశాఖ బయల్దేరే ఒక మనిషి చేతికిస్తున్నాను. ఎనిమిదిన బొంబాయి దిగుతాను. పదకొండు సాయంత్రానికి వాల్తేరు చేరతాను. ఆ ఊళ్ళో దిగితే ముందు ఎటు నడవాలో నాకు తెలియడం లేదు. ఇంటికా, ఆ ఒడ్డుకా. స్టేషన్‌కి రా. నీతో మాట్లాడతానో లేదో చెప్పలేను. అయినా రా.

పైడితల్లి